ప్రేయర్లో పడిపోయిన పిల్లకు టిల్ట్ టెస్ట్ ఎప్పుడు కావాలి?

ఎండాకాలం పొద్దుటి బళ్ళు మొదలయ్యాక ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఏదో ఒక బడిలో ప్రేయర్ మధ్యలో ఓ పిల్ల కుప్పకూలడం మామూలే. ఎక్కువగా పన్నెండేళ్ళు దాటినవాళ్ళు, వాళ్ళలోనూ ఎక్కువగా ఆడపిల్లలు. ఒక టీచరు మొహాన నీళ్ళు కొడతారు, ఇంకొకరు ఉల్లిపాయ తెమ్మంటారు, ఎవరో తాళాలగుత్తి తెచ్చి పిల్ల గుప్పిట్లో పెడతారు. నిమిషం తిరక్కుండానే పిల్ల కళ్ళు తెరిచి ఏమైందని అడుగుతుంది.

అసలు తిప్పలు ఆ తర్వాత మొదలవుతాయి. ఇంట్లో దిష్టి తీస్తారు. కొందరు మంత్రాలేసే గుణియా దగ్గరికి తీసుకెళ్తారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక సెలైన్ బాటిల్ ఎక్కిస్తాడు. టౌనుకెళ్తే తలకి సీటీ స్కాన్, ఆపైన మెదడులోని విద్యుత్తును గీతలుగా చూపే ఈఈజీ అంటారు. ఆ ఈఈజీలో ఏదో చిన్న తేడా కనిపించిందని ఫిట్స్ మాత్రలు మొదలవుతాయి. ఇంకోచోట ఇంకో డాక్టరు చీటీ మీద టిల్ట్ టేబుల్ టెస్ట్ అని రాస్తాడు. పిల్లను బల్లకు కట్టి, ఆ బల్లను దాదాపు నిలువుగా లేపి, పడిపోతుందేమో చూసే పరీక్ష అది. దగ్గర్లో దొరకదు. గుండెలోని విద్యుత్ లోపాలు చూసే విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంటుంది. అంటే విశాఖకో, భువనేశ్వరానికో ప్రయాణం, ఒక రోజు కూలి పోవడం, రాత్రి బస. ఆ చీటీ చేతిలో పట్టుకున్న తల్లిదండ్రుల కోసమే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పడిపోయే పిల్లల్లో చాలామందికి టిల్ట్ టెస్ట్ అక్కర్లేదు. అందరికీ కావలసింది ఈసీజీ. దానికంటే ముందు, పడిపోవడానికి ముందరి ఒక్క నిమిషంలో ఏం జరిగిందో విడమరిచి చెప్పే మనిషి కావాలి.

నిలబడ్డ పిల్ల ఎందుకు పడుతుంది?

పద్దెనిమిదేళ్ళు నిండేలోగా నూటికి దాదాపు 15 మంది పిల్లలు ఒక్కసారైనా ఇలా పడిపోతారని అంచనా. అందులో సింహభాగం వేసోవేగల్ రకానిది, అంటే గుండె నెమ్మదించి, రక్తనాళాలు వదులై, బీపీ పడిపోవడం వల్ల వచ్చేది. బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ 1932లోనే దీన్ని వివరంగా వర్ణించాడు.

మనం లేచి నిలబడగానే కొంత రక్తం కాళ్ళలోకి, పొట్టలోని సిరల్లోకి దిగిపోతుంది. పెద్దవాళ్ళలో ఇది అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా ఉంటుంది. ఆ మేరకు గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. బోరులో నీళ్ళు అడుగంటితే మోటారు ఎంత తిరిగినా పైన ట్యాంకు నిండదు కదా, గుండె పరిస్థితీ అంతే. మెడ దగ్గరి రక్తనాళాల్లో పీడనాన్ని కనిపెట్టే నాడులు దీన్ని వెంటనే పసిగట్టి, గుండెను కాస్త వేగంగా కొట్టుకోమంటాయి, రక్తనాళాలను బిగించమంటాయి. నడుస్తుంటే పిక్కల కండరాలు కూడా రక్తాన్ని పైకి నెడతాయి. అటెన్షన్‌లో కదలకుండా నిలబడితే ఆ సాయం ఉండదు.

కొందరు పిల్లల్లో ఈ ఏర్పాటు కొంతసేపు బాగానే పనిచేసి, ఉన్నట్టుండి తలకిందులవుతుంది. వేగంగా కొట్టుకోవలసిన గుండెను, మెదడు నుంచి గుండె దాకా వచ్చే వేగస్ నాడి నెమ్మది చేస్తుంది. బిగుసుకోవలసిన రక్తనాళాలు వదులవుతాయి. రెండూ కలిసి బీపీని ఢమాల్న పడేస్తాయి. మెదడుకు ఆరేడు సెకన్లు రక్తం అందకపోతే చాలు, స్పృహ పోతుంది. నేల మీద పడగానే తల, గుండె ఒకే మట్టానికి వస్తాయి. రక్తం మళ్ళీ అందుతుంది, పిల్ల తేరుకుంటుంది. ఒక రకంగా పడిపోవడమే ఇక్కడ వైద్యం.

అందుకే పడిపోయిన పిల్లను లేపి కుర్చీలో కూర్చోబెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. మన బళ్ళలో మొట్టమొదట చేసేది అదే. ఇద్దరు చెరో రెక్క పట్టుకుని నిటారుగా బెంచీ మీద కూర్చోబెడతారు. తలకు రక్తం అందక స్పృహ రావడం ఆలస్యమవుతుంది, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలవుతుంది, ఇక చూసినవాళ్ళందరూ ‘ఫిట్స్’ అని తేల్చేస్తారు. పిల్లను ఉన్నచోటే వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళ కింద రెండు స్కూలు బ్యాగులు పెట్టి ఎత్తులో ఉంచితే సరిపోతుంది. పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో చుక్క నీళ్ళు కూడా పొయ్యకూడదు. ఒకటి రెండు నిమిషాలు దాటినా తెలివి రాకపోతే మాత్రం వాహనం చూడాల్సిందే. జ్వరంతో స్పృహ తప్పినా అంతే. రాయగడ, కోరాపుట్ వైపు జ్వరం, ఫిట్స్ కలిసి వచ్చాయంటే మెదడుకెక్కిన మలేరియాను అనుమానించాలి. దానికీ ఈ వ్యాసానికీ సంబంధం లేదు.

ఈడొచ్చిన పిల్లల్లోనే ఇదెందుకు ఎక్కువ? ఒక్కసారిగా పొడవు పెరగడం, నాడీవ్యవస్థ ఇంకా కుదుటపడకపోవడం కొంత కారణం. మన దగ్గర వీటికి ఇంకొన్ని తోడవుతాయి. పొద్దుటి బడికని, దానికంటే ముందు ట్యూషన్‌కని ఏమీ తినకుండా బయల్దేరతారు. గంజాం తీరంలో ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. ఆడపిల్లలు నీళ్ళు తాగరు, ఎందుకంటే బడి మరుగుదొడ్డి వాడేలా ఉండదు. ఈ మాట డాక్టరు అడగడు, పిల్ల చెప్పదు. పైగా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత ఒక్కటే పిల్లను పడేస్తుందని చెప్పలేం గానీ, నిలబడి తట్టుకునే శక్తిని అది తగ్గిస్తుంది. బళ్ళో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పారేయకుండా మింగారో లేదో ఇంట్లో అడగాలి.

ఏడాది, రెండేళ్ళ పసివాళ్ళ సంగతి వేరు. ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారి వాలిపోతారు, లేదా దెబ్బ తగలగానే తెల్లగా పాలిపోయి వాలిపోతారు. తల్లులకు ప్రాణం పోయినంత పనవుతుంది కానీ అయిదారేళ్ళొచ్చేసరికి అది దానంతటదే పోతుంది. ఇక్కడ రక్తంలో ఐరన్ చూడాలి. తక్కువుంటే ఐరన్ మందుతో చాలామందికి తగ్గుతుంది. ఈ వయసుకు టిల్ట్ టెస్ట్ ప్రసక్తే లేదు.

ఫిట్సా, సొమ్మసిల్లడమా?

పర్లాకిమిడి దగ్గరి పల్లెలో పద్నాలుగేళ్ళ పిల్ల ఉందనుకుందాం. ప్రేయర్లో పడిపోయింది, పడ్డాక చేతులు నాలుగైదుసార్లు అదిరాయి, కళ్ళు పైకి తేలేశాయి, బట్టల్లో ఒంటేలు పోసుకుంది. ఆ మూడూ విన్నాక ఊరంతా ఫిట్స్ అనే అంటుంది. కానీ ఆ మూడూ మామూలు సొమ్మసిల్లడంలోనూ ఉంటాయి.

జర్మనీలో కొందరు పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లను కావాలని స్పృహ తప్పేలా చేసి, వీడియో తీసి, ఫలితాలను 1994లో ప్రచురించారు. పూర్తిగా స్పృహ తప్పినవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమందికి ఒళ్ళు అదిరింది. వాళ్ళెవరికీ ఫిట్స్ జబ్బు లేదు.

మరి తేడా ఎక్కడుంది? సొమ్మసిల్లే పిల్ల ముందు తెల్లగా పాలిపోతుంది. ఒళ్ళంతా చెమట పడుతుంది, కడుపులో తిప్పుతుంది, ఆవులింతలు వస్తాయి, కళ్ళముందు చీకట్లు కమ్ముతాయి, మాటలు దూరం నుంచి వినిపిస్తున్నట్టుంటాయి. మెత్తగా జారిపోతుంది, ఆ తర్వాతే అదురుతుంది. ఆ అదుర్లు ఒక లయ లేకుండా, పదికి మించకుండా, కొద్ది సెకన్లలో ఆగిపోతాయి. తెలివి రాగానే ఎక్కడుందో, పక్కన ఎవరున్నారో చెప్పగలుగుతుంది. నీరసం మాత్రం గంటల తరబడి ఉండొచ్చు. ఫిట్స్‌లో ఒళ్ళు కర్రలా బిగుసుకుని పడతారు, కొట్టుకోవడం లయగా నిమిషం, రెండు నిమిషాలు సాగుతుంది, నాలుక పక్కవైపు కొరుక్కుంటారు. ఆగాక చాలాసేపు మనుషుల్ని పోల్చలేరు, మత్తుగా నిద్రపోతారు.

పొరపాటు పడేది మన పల్లెల్లోనే అనుకోవద్దు. బ్రిటన్‌లో అప్పటికే ఫిట్స్ రోగులుగా ముద్రపడ్డ 74 మందిని, ఎక్కువగా పెద్దవాళ్ళే, టిల్ట్ టెస్టుతో సహా గుండె పరీక్షలన్నీ చేసి మళ్ళీ చూశారు. 31 మందికి అసలు కారణం వేరే ఉందని తేలింది. 2000లో వచ్చిన అధ్యయనమిది. ఇక ఆడపిల్లకు ‘ఫిట్స్ మాత్రలు వాడుతోంది’ అన్న మాట ఒకసారి పడితే అది పెళ్ళిచూపుల దాకా వెంటాడుతుంది. ఈఈజీలో ఏదో గీత అటూ ఇటూగా ఉందని మాత్రలు మొదలుపెట్టే ముందు, పడిపోవడం చూసిన మనిషితో డాక్టరు పది నిమిషాలు మాట్లాడారా అని అడగడం తల్లిదండ్రుల హక్కు.

చూసిన మనిషి అంటే తండ్రి కాదు. తండ్రి ఆ సమయానికి పొలంలోనో, దుకాణంలోనో ఉంటాడు. పక్క వరసలో నిలబడ్డ స్నేహితురాలే అసలు సాక్షి. ఆ పిల్లను వెంట తీసుకెళ్ళడం కుదరకపోతే డాక్టరు ముందు కూర్చుని ఫోనులో మాట్లాడించండి. తరచూ పడిపోయే పిల్లయితే, మళ్ళీ వచ్చినప్పుడు సెల్‌ఫోన్‌లో వీడియో తీసి పెట్టమని టీచరుగారిని అడగండి. మొహం, కళ్ళు, చేతులు కనబడాలి. కళ్ళు తెరిచున్నాయా, మూసుకున్నాయా అన్నది కూడా డాక్టరుకు పెద్ద ఆధారం.

ఈసీజీ మాత్రం మానొద్దు

నూరుమంది పిల్లలు పడిపోతే, గుండె జబ్బు వల్ల పడిపోయేవాళ్ళు ఏ కొద్దిమందో ఉంటారు. కానీ ప్రాణం మీదికి వచ్చేది వాళ్ళకే. అందుకే ఎంత మామూలుగా కనిపించిన కేసుకైనా ఒక్కసారి పన్నెండు లీడ్ల ఈసీజీ తీయించాలి. ఖర్చు కొద్దిపాటిది, నొప్పి లేదు, సబ్‌డివిజన్ ఆసుపత్రిలోనే అవుతుంది. మెషీన్ పైన ‘నార్మల్’ అని అచ్చేసినా, ఈసీజీ చదవడం తెలిసిన డాక్టరు స్వయంగా చూడాలి. పుట్టుకతో వచ్చే లాంగ్ క్యూటీ అనే లోపంలో ప్రతి కొట్టుకీ గుండె విద్యుత్తు మళ్ళీ సర్దుకోవడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పడుతుంది. ఆ తేడాను కొలిచి చూస్తేగానీ పట్టుకోలేం.

ఏ పరిస్థితిలో పడిందన్నది ఈసీజీ అంత ముఖ్యం. పరుగు పందెం అయిపోయాక గీత దగ్గర నిలబడి పడిపోతే భయం తక్కువ. పరిగెడుతూ పరిగెడుతూ మధ్యలోనే బోర్లా పడితే గుండె జబ్బే అనుకుని చూడాలి. మహేంద్రతనయలోనో, వంశధారలోనో ఈత కొడుతూ మునిగిపోబోయిన పిల్లవాడు, దీపావళి బాంబు పేలగానే కూలిపోయిన పిల్ల, నిద్రలో లేదా పడుకుని ఉండగా స్పృహ తప్పిన పిల్ల, ఏ ముందస్తు సూచనా లేకుండా మొహం పగిలేలా పడ్డ పిల్ల, వీళ్ళెవరినీ నీరసమని ఇంట్లో ఉంచకూడదు. ఇంట్లో ఎవరైనా నలభై ఏళ్ళ లోపు ఉన్నట్టుండి చనిపోయారా, ఈతొచ్చినవాడు నీళ్ళలో పోయాడా అని కూడా ఆలోచించి చెప్పండి. పరిగెడుతూనో, బాగా ఉద్రేకపడినప్పుడో మాత్రమే బయటపడే ఒక రకం లయ లోపం ఉంది. దానిలో పడుకోబెట్టి తీసిన ఈసీజీ శుభ్రంగా ఉంటుంది, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తేనే తెలుస్తుంది. గుండె కండరం మందమైనా, కవాటం సన్నబడినా ఎకోలో, అంటే గుండెకు తీసే స్కానింగ్‌లో దొరుకుతుంది.

మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. చుట్టుపక్కల ఒడియా ఇళ్ళలో సాధారణంగా లేని మేనరికం మన ఇళ్ళలో ఇంకా ఉంది. నార్వే వైద్యులు జెర్వెల్, లాంగ్-నీల్సన్ 1957లో ఒక కుటుంబం గురించి రాశారు. ఆరుగురు పిల్లల్లో నలుగురు పుట్టు చెవిటివాళ్ళు. ఆ నలుగురికీ స్పృహ తప్పే జబ్బుంది. వాళ్ళలో ముగ్గురు ఉన్నట్టుండి చనిపోయారు. ఈసీజీలో క్యూటీ నిడివి బాగా ఎక్కువగా ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం చేరితేనే వచ్చే జబ్బిది. దగ్గరి సంబంధాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. చాలా అరుదే. అయినా పుట్టు చెవుడున్న పిల్ల ఒక్కసారి స్పృహ తప్పిందంటే ఆ రోజే ఈసీజీ తీయించాలి. తోబుట్టువులకూ తీయించాలి. పిల్లల ఆరోగ్యం చూడటానికి బళ్ళకు వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందం పుట్టు చెవుడునూ, పుట్టుకతో వచ్చే గుండె జబ్బులనూ చూస్తుంది. ఈ పిల్ల పడిపోతోందని కూడా వాళ్ళ చెవిన వెయ్యండి.

బల్ల మీద ఏం జరుగుతుంది?

శరీరం గురుత్వాకర్షణను ఎలా తట్టుకుంటుందో చూడటానికి ప్రయోగశాలల్లో ఇలా పైకి లేపే బల్లలు చాలాకాలంగా వాడేవాళ్ళు. కారణం దొరకని సొమ్మసిల్లడాన్ని తేల్చడానికి పనికొస్తుందని 1986లో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆసుపత్రి నుంచి రోజ్ యాన్ కెన్నీ, రిచర్డ్ సటన్ తదితరులు లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ తర్వాత ఇది ప్రపంచమంతా పాకింది.

గది నిశ్శబ్దంగా, వెలుతురు తక్కువగా ఉంటుంది. పిల్ల రెండు నుంచి నాలుగు గంటలు ఏమీ తినకుండా రావాలి. మన ప్రయాణాల్లో ఇది తెల్లారుజాము నుంచీ పస్తుగా మారుతుంది. అలా చేస్తే పరీక్షే తప్పుదారి పట్టొచ్చు కాబట్టి ఎన్ని గంటలని ముందే అడిగి పెట్టుకోండి. పాదాలు ఆనించడానికి చెక్క ఉన్న బల్ల మీద పడుకోబెట్టి, ఛాతీ దగ్గరా మోకాళ్ళ దగ్గరా బెల్టులు కడతారు. ఈసీజీ వైర్లు అంటిస్తారు. ప్రతి కొట్టుకీ బీపీ చూపించే చిన్న పట్టీ వేలికి తొడుగుతారు. కొన్నిచోట్ల చేతికి సూది పెడతారు. పిల్లల్లో ఆ సూది భయమే సొమ్మసిల్లేలా చేయగలదు కాబట్టి, సూది పెడితే కాస్త ఎక్కువసేపు, ఇరవై నిమిషాల దాకా, కదలకుండా పడుకోబెట్టి అప్పుడు మొదలుపెడతారు.

ఆ తర్వాత బల్లను 60 నుంచి 70 డిగ్రీల దాకా లేపుతారు. పిల్ల దాదాపు నిలబడ్డట్టే ఉంటుంది కానీ కాళ్ళు కదపకూడదు, కబుర్లు చెప్పకూడదు. ఇరవై నిమిషాలు అలా చూస్తారు. కొన్ని పద్ధతుల్లో నలభై అయిదు దాకా సాగుతుంది. ఏమీ కాకపోతే నాలుక కింద నైట్రోగ్లిసరిన్ స్ప్రే కొద్దిగా కొట్టి ఇంకో పావుగంట చూస్తారు. అది రక్తనాళాలను వదులు చేసే మందు, కాసేపు తలనొప్పి రావొచ్చు.

తెర మీద చూస్తుంటే కథ అర్థమవుతుంది. పడుకున్నప్పుడు 80 ఉన్న నాడి, అంటే నిమిషానికి గుండె కొట్టుకునే లెక్క, లేపాక 100, 110 అవుతుంది. బీపీ చాలాసేపు స్థిరంగానే ఉంటుంది. పిల్ల ఒక ఆవులింత తీస్తుంది. పై పెదవి మీద చెమట పోస్తుంది. బీపీ 110 నుంచి 90కి జారుతుంది, నాడి ఉన్నట్టుండి యాభైకో నలభైకో పడుతుంది, ఒక్కోసారి కొన్ని సెకన్లు గీత చదునుగా సాగుతుంది. తల వాలిపోతుంది. వెంటనే బల్లను చదును చేస్తారు. అర నిమిషంలో పిల్ల కళ్ళు తెరుస్తుంది. అప్పుడు డాక్టరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: “అమ్మా, బళ్ళో నీకు వచ్చింది ఇలాగే ఉందా?”

ఆ ప్రశ్న అడగకపోతే పరీక్షకు సగం విలువ పోయినట్టే. ఆరోగ్యంగా ఉన్న పిల్లలను ఇదే బల్ల మీద నిలబెట్టినా కొంతమంది పడిపోతారు. పెద్దవాళ్ళలో కంటే ఈ వయసు పిల్లల్లో అది ఎక్కువ. కాబట్టి బల్ల మీద పడిపోయిందన్న ఒక్క మాటతో ఏదీ రుజువు కాదు. పిల్ల అవునండీ, ఇదే అనాలి. బళ్ళో చూసినవాళ్ళు ఇదేనని గుర్తుపట్టాలి. అందుకే, చూసిన మనిషిని లోపలికి రానిస్తారా అని ముందే అడగండి.

కొన్ని సెకన్లు గీత చదునుగా సాగిందంటే గుండె ఆగింది కదా అని తల్లిదండ్రులు బెంబేలెత్తుతారు. అలాంటి విరామం రిపోర్టులో కనిపించగానే పేస్‌మేకర్ మాట ఎవరైనా ఎత్తితే పిల్లల గుండె నిపుణుణ్ణి రెండో అభిప్రాయం అడగకుండా ఒప్పుకోవద్దు. వేసోవేగల్ పిల్లల్లో ఆ విరామం వేగస్ నాడి పని, గుండెలో లోపం వల్ల వచ్చింది కాదు. వీళ్ళలో పేస్‌మేకర్ పెట్టేది ఎంతో అరుదుగా.

బల్ల ఇంకొన్ని సంగతులు కూడా చెప్పగలదు. నిలబడ్డ పది నిమిషాల్లో బీపీ పడకుండానే నాడి మాత్రం 40కి పైగా పెరిగి, గుండె దడ, తల తేలిపోవడం ఉంటే దాన్ని పాట్స్ అంటారు. 12 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకు 40 హద్దు, పెద్దవాళ్ళకు 30. కనీసం మూడు నెలలుగా ఆ బాధలుంటేనే ఆ పేరు పెట్టాలి. ఇంకో రకంలో పిల్ల బల్ల మీద కళ్ళు మూసుకుని నిమిషాల తరబడి పలకదు, కానీ బీపీ, నాడి బాగానే ఉంటాయి, కొన్నిసార్లు మామూలుకంటే ఎక్కువే ఉంటాయి. మెదడుకు రక్తం అందుతూనే ఉంది. మనసులోని టెన్షన్ ఒంటి మీద ఇలా తేలుతుంది. పిల్ల నటిస్తోందని తిట్టకూడదు. పరీక్షలు, హాస్టలు, ఇంట్లో గొడవలు, ఎవరైనా వేధించడం, వీటిలో ఏదో తీరిగ్గా మాట్లాడితేగానీ బయటికి రాదు. ‘గాలి సోకింది’ అని ముద్రవేసిన పిల్లల్లో ఈ రకంవాళ్ళు ఉంటారు. రోజుకు నాలుగైదుసార్లు పడిపోయే పిల్లకు టిల్ట్ టెస్ట్ నిజంగా ఉపయోగపడేది ఇక్కడే.

ఇప్పుడు అసలు చిక్కు. పరిగెడుతూ పడిపోయిన పిల్లవాడికి ఎకో, ట్రెడ్‌మిల్ చేయకుండా నేరుగా టిల్ట్ చేశారనుకోండి. వాడు బల్ల మీద పడిపోయాడు, ‘పాజిటివ్, వేసోవేగల్, భయం లేదు’ అని రాసి పంపేశారు. ఈ వయసులో బల్ల మీద ఎవరైనా పడిపోవచ్చని పైన చెప్పుకున్నాం. కాబట్టి ఆ రిపోర్టు గుండె జబ్బు లేదని చెప్పినట్టు కాదు. టిల్ట్ టెస్ట్ వల్ల జరగగల అతిపెద్ద హాని ఈ దొంగ ధైర్యమే. అటు నెగటివ్ వచ్చినంత మాత్రాన వేసోవేగల్ కాదనీ చెప్పలేం. ఇవాళ పడని పిల్ల రేపు పడొచ్చు. కవాటం బాగా సన్నబడినవాళ్ళకు, గుండె కండరం మందమై రక్తం బయటికి పోయే దారి మూసుకుపోతున్నవాళ్ళకు ఈ పరీక్షే ప్రమాదం. అందుకే గుండెను చూశాకే బల్ల ఎక్కించాలి.

మరి ఎవరికి చేయాలి? కథ సగం వేసోవేగల్‌లా, సగం ఇంకేదోలా ఉన్నవాళ్ళకు. ఫిట్స్ మందులు వాడుతున్నా పడిపోవడం ఆగనివాళ్ళకు. పాట్స్ అనుమానం ఉన్నవాళ్ళకు, మానసిక కారణం తేల్చాల్సినవాళ్ళకు. ఎండలో నిలబడి, కళ్ళు చీకట్లు కమ్మి, పాలిపోయి, పడి, లేచిన పిల్లకు ఈసీజీ బాగుంటే అక్కడితో ఆపొచ్చు. మందు పనిచేస్తోందో లేదో చూడటానికి మళ్ళీ టిల్ట్ చేయడం దండగ. అంతర్జాతీయ వైద్య సంఘాల మార్గదర్శకాలు కూడా అలా చేయొద్దనే చెబుతున్నాయి.

పెద్దాసుపత్రి దాకా వెళ్ళకుండానే దీనికి దగ్గరి పరీక్ష ఒకటి పీహెచ్‌సీలో చేయొచ్చు. పిల్లను పది నిమిషాలు పడుకోబెట్టి బీపీ, నాడి రాసుకోవాలి. తర్వాత గోడకు ఆనకుండా నిలబెట్టి ఒకటో నిమిషం, మూడో నిమిషం, అయిదో నిమిషం, పదో నిమిషం మళ్ళీ చూడాలి. పట్టుకోవడానికి పక్కనే ఒక మనిషి ఉండాలి. బీపీ కఫ్, గోడ గడియారం చాలు. నిలబడ్డ మూడు నిమిషాల్లో పై బీపీ 20 పడినా, పది నిమిషాల్లో నాడి 40 పెరిగినా చీటీ మీద రాసి పైకి పంపొచ్చు.

పేరు తేలాక

వేసోవేగల్ అని తేలిన పిల్లల్లో చాలామందికి మందులు అక్కర్లేదు. నీళ్ళు కావాలి, రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా. ఉప్పు కూడా కావాలి. ఇక్కడ మన వంటిల్లు పనికొస్తుంది. పొద్దున్నే ఉప్పేసిన చద్దన్నం, తరవాణి, మజ్జిగ, పక్కన ఇంత ఆవకాయ ఉంటే టిఫిన్ పేరుతో రెండు బిస్కెట్లు తినడం కంటే వెయ్యిరెట్లు నయం. కిడ్నీ జబ్బో, గుండె జబ్బో, బీపీ ఎక్కువో ఉన్న పిల్లలకు మాత్రం ఉప్పు పెంచే ముందు డాక్టరును అడగాలి.

కళ్ళు చీకట్లు కమ్మే క్షణంలో ఏం చేయాలో పిల్లకు ఇంట్లోనే సాధన చేయించండి. కాళ్ళు కత్తెరలా వేసి తొడలు, పిరుదులు గట్టిగా బిగించాలి. రెండు చేతుల వేళ్ళు కొక్కేల్లా పట్టుకుని చెరో వైపుకు లాగాలి. ఇలా నేర్పిన పెద్దవాళ్ళలో మళ్ళీ పడిపోయింది 32 శాతం, నేర్పనివాళ్ళలో 51 శాతం అని 2006లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. ఏ మందుకూ తీసిపోని ఫలితం, ఖర్చు లేదు. అప్పటికీ తగ్గకపోతే సిగ్గుపడకుండా ఉన్నచోటే కింద కూర్చోవాలి, వీలైతే పడుకోవాలి. బావిగట్టు, మేడ మెట్లు, ఒంటరి ఈత, లోపలి గడియ పెట్టుకున్న స్నానాల గది, ఇవి కొన్నాళ్ళు జాగ్రత్త. ఫ్లూడ్రోకార్టిజోన్, మిడోడ్రిన్ లాంటి మందులు ఇవన్నీ చేసినా మాటిమాటికీ పడిపోయేవాళ్ళకు నిపుణులు రాసేవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి కావు.

బడికి ఒక చీటీ రాయించుకోవడం కూడా వైద్యమే. ప్రేయర్‌లో వెనక వరసలో నిలబడి కాళ్ళు కదుపుకోనివ్వాలి, తల తిరుగుతోందంటే అడక్కుండా కూర్చోనివ్వాలి, క్లాసులో నీళ్ళ సీసా ఉంచుకోనివ్వాలి, బాత్రూమ్‌కి వెళ్ళనివ్వాలి. హెడ్‌మాస్టరుగారు కాదనరు, డాక్టరు లెటర్‌హెడ్ మీద ఉంటే అసలే కాదనరు.

ఇంత చదివాక కూడా విశాఖో, భువనేశ్వరమో వెళ్ళక తప్పదనుకుంటే, బయల్దేరే ముందు ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి పిల్లలకు టిల్ట్ చేస్తారా, ఏ వారం చేస్తారు, వాడుతున్న మందులు ఆపాలా అని కనుక్కోండి. మీ అంతట మీరు ఫిట్స్ మాత్రలు ఆపొద్దు. పాత కాగితాలన్నీ వెంట ఉంచుకోండి, ముఖ్యంగా మొదట తీసిన ఈసీజీ. అది థర్మల్ కాగితం. సంచిలో పడేస్తే కొన్నాళ్ళకు గీతలు వెలిసిపోతాయి, పదిలంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే వేడికి నల్లబడిపోతుంది. తీసిన రోజే జిరాక్స్ చేయించి, ఫోన్‌లో ఒక ఫోటో కూడా తీసి పెట్టుకోండి.